వార్నిష్ కింద గులాబి చుక్క

ఇలా రా తల్లీ, ఇంకాస్త దగ్గరికి జరుగు. ఆ తలుపు కూడా ఓరగా వేసెయ్, కొండల మీది మన ఒరూరో ఊరి గాలికి మాట నిలవదు. వేరే కథలైతే వాకిట్లో కూర్చుని పదిమందికీ వినబడేలా చెప్పుకుంటాం గాని, సిగ్గుపడ్డ మనిషి కథ చెవి పక్కనే చెప్పాలి. ఒక్క గంటసేపటి కథ ఇది. పొయ్యి మీద రేకు వేడెక్కి చల్లారేలోపు అయిపోయింది. కాని ఆ గంటలో నికొలాసా ఒక ఏడాది మొత్తం మళ్ళీ బతికింది, దాని వెనకాల ఇంకో ఇరవై ఏళ్ళు కూడా బతికింది.

కార్నివాల్ ఊరేగింపుకు ముందురోజు, శుక్రవారం, మిట్టమధ్యాహ్నం. పనిముట్లకు చల్లా చేసే రోజు అది. ఊళ్ళో ప్రతి కొట్టూ ప్రతి పనిశాలా రంగు కాగితాల తోరణాలు చుట్టుకుని, నేలతల్లికి బీరు పోసి, సుత్తి నుంచి కుట్టుమిషను దాకా అన్నిటి నెత్తినా రంగు కాగితపు చుక్కలు చల్లే రోజు. వీధి చివర బాజావాళ్ళు ఒకే ముక్కను తప్పు వాయించి మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతున్నారు. నికొలాసా వంటగదిలో మాత్రం తోరణం లేదు, బీరు సీసా మూత కూడా తీయలేదు. కరెంటు పొయ్యి మీద ఇనప రేకు, రేకు మీద గుడ్డులో సొనంత గుండ్రంగా రెండు పచ్చ బోర్డులు. రేపు ఊరేగింపులో ఆడేవాడు తొడుక్కునే దయ్యాల రాజు తలలో కళ్ళయి వెలగాల్సినవి అవే. కొత్త బోర్డులు తేవాల్సిన లారీ కరకొయ్యో కూడలి దగ్గర రాస్తారోకోలో ఇరుక్కుని ఇవాళ్టికి ఐదో రోజు. వేరే దారి లేక బిస్కట్ల డబ్బాలోంచి పోయినేటి పాత బోర్డులే తీసింది. వాటి మీద చచ్చిన దీపాలను వేడికి వదులు చేసి ఊడదీయాలి, కొత్తవి అతకాలి, ఒంటిగంటకు దయ్యపు తలలు చేసే దొన్ ఫెర్మిన్ వచ్చేసరికి చేతిలో పెట్టాలి. అంతే పని. కొన్ని వందలసార్లు చేసిన పని. మరి చెయ్యెందుకు సాగడం లేదు? చలి, అనుకుంది. చలి కాదు. బల్లకు అవతల ముక్కాలి పీట మీద సెనోబియా కూర్చుని ఉంది.

పిలవకుండానే వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి చల్లా శుక్రవారం వచ్చినట్టే, శాలువలో చుట్టిన చీజు పూరీలతో, మూతపెట్టిన గిన్నెలో ఊదారంగు మొక్కజొన్న జావతో వచ్చి, "ఏం కొమాద్రే, పొయ్యి వెలిగించి మొహం ఆర్పేసుకున్నావేం?" అంటూ కూర్చుంది. నికొలాసా కూతురు ఇల్దాకు పుట్టువెంట్రుకలు తీసిన నాడు మొదటి కుచ్చు కత్తిరించింది ఈ సెనోబియానే. ఆ కత్తెర పడిన క్షణం నుంచి వాళ్ళిద్దరూ ఒకరికొకరు కొమాద్రేలు. తోడబుట్టినదానితోనైనా పోట్లాడవచ్చు గాని కొమాద్రేతో కూడదంటారు మనవాళ్ళు. జావగిన్నె పక్కన ఆమె ఇంకొకటి కూడా పెట్టింది. రంగులేని గోళ్ళరంగు సీసా, చిన్నది, మూత అరిగిపోయినది. అతికిన దీపాల మీద పలచగా వార్నిష్ పూత వేయడం ఎప్పుడూ ఆమె పని. పూత లేకపోతే ఆడేవాడి చెమటకీ, జనం విసిరే నీళ్ళ బెలూన్లకీ ఆ కళ్ళు రెండు వీధులు కూడా దాటవు. సీసా చూడగానే, తన కుచ్చుల పావడా మడతలో దాచిన మరో సీసా తొడకు నిప్పుకణికలా తగిలింది నికొలాసాకు. నిన్ననే సంతలో కొన్నది. "పూత కూడా నువ్వే వేసెయ్ దోన్యా నికొలాసా, ఆవిడ చెయ్యి మాత్రం ఈసారి తగలనియ్యకు" అన్నాడు దొన్ ఫెర్మిన్. "అలాగే" అంది తను. అలాగే! ఎంత తేలిగ్గా తిరిగింది నాలుక! ఇప్పుడు ఒంటిగంటలోపు ఆ కొత్త సీసా బయటికి తీయాలి, ఈ మనిషి కళ్ళెదుటే. లేదా ఈ మనిషిని ఏదో ఒక వంక చెప్పి పంపేయాలి. లేదా… ఆ మూడోదాని దగ్గరికి ఆమె ఆలోచన వెళ్ళి, చెయ్యి కాలినట్టు వెనక్కి వచ్చింది.

రేకు మీద ఒక నీటిచుక్క వేసి చూసింది. చుంయ్‌మని పరిగెత్తి మాయమైంది. పొయ్యి పిడి ఇంకొంచెం తిప్పింది. తొందరపడితే దీపం పగులుతుంది, ఆలస్యం చేస్తే కందిపోతుంది; టంకం పనంటే పాలు కాచడం లాంటిదే, ఎదురుగా నిలబడాలి, మాటల్లో పడకూడదు. ఇదంతా ఆమెకు ఏ బడిలోనూ నేర్పలేదు. రేడియోలు బాగుచేసే కొట్లో పదకొండేళ్ళు చీపురు పట్టింది, ఊడుస్తూ ఊడుస్తూ కళ్ళతో నేర్చుకుంది. దయ్యాల కళ్ళల్లో టార్చిలైటు బల్బులు పోయి ఈ నువ్వుగింజంత ఎల్ఈడీలు వచ్చిన కొత్తల్లో, వాటిని అతికే చెయ్యి ఈ వీధుల్లో ఎవరికీ లేకపోతే, నేనున్నానని గొప్పగా ఒప్పుకుని ఇంటికొచ్చి ఏడ్చింది, ఎలా అతకాలో తెలియక. అప్పుడు ఈ పొయ్యి లేదు, ఈ రేకు లేదు. సెనోబియానే తన ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి, తలకిందులు చేసి, రెండు ఇటుకల మధ్య బిగించింది. "దీని వీపు చదునే కదా కొమాద్రే, పావడాలకు పనికొచ్చింది దయ్యాలకు పనికిరాదా?" మొదటి జత కందిపోయి పసుపుపచ్చగా తేలితే, "ఇది దయ్యమా, కామెర్లొచ్చిన గుమాస్తానా!" అని నేల మీద పడి నవ్వింది. మూడోసారికో నాలుగోసారికో కుదిరింది. బూడిదరంగు టంకం ముద్ద పొగ వదిలి, మసకబారి, ఉన్నట్టుండి వెండిలా మెరిసింది. ఆ మెరుపులో వంకరగా కూర్చున్న దీపం తనంతట తానే ఒద్దికగా సర్దుకుని తిన్నగా కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఊపిరి బిగబట్టి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఇల్దా మొదటిసారి బోర్లాపడ్డ రోజు కూడా అలాగే పట్టుకున్నారు. ఆ చెయ్యే కదా ఇది, ఇప్పుడు అవతల కూర్చుని జావలో గరిటె తిప్పుతున్నది. దానికేసి చూడలేక నికొలాసా బోర్డులకేసి చూసింది. బోర్డులకేసి చూడలేక గోడకేసి చూసింది. గోడకు పోయినేటి తోరణం కట్టిన మేకు ఇంకా అలాగే ఉంది.

పోయినేడు ఇదే పూట ఆ మేకుకు తోరణం ఊగుతోంది. దయ్యాల దండు ముందువరస మొత్తానికి కళ్ళు తనవే ఆ ఏడు. పదహారు జతలు పూర్తయి, పూత ఆరి, అట్టపెట్టెలో కూర్చున్నాయి. దయ్యాల రాజు కళ్ళు ఒక్కటే చివరగా అతికి బల్ల మీద పెట్టింది, సాయంత్రం సెనోబియా వచ్చి పూత వేస్తుందని. లోపల రెండు గ్లాసులు పడ్డాయి, బయట బాజాలు, ఒంట్లో ఎక్కడ చూసినా సంతోషం. పొయ్యికి పోసింది, పట్టకారుకు పోసింది, భూతద్దానికి పోసింది, టంకం పేస్టును చీజు ముద్ద పక్కనే దాచుకునే ఫ్రిజ్జుకు పోసింది, కుర్చీ కాళ్ళకు పోసింది. చివరికి బల్ల మీది కళ్ళు కనబడ్డాయి. అందరికీ పెట్టి రాజును పస్తు పెడతానా అనిపించింది. అలా అనిపించింది కదా, అందులో చెడేముంది? బీరు సన్నగా, దారంలా, ఒక్క ధార. మీద గుప్పెడు రంగు చుక్కలు. పూతలేని ఒట్టి అతుకుల మీద! పదకొండేళ్ళు రేడియోల కొట్లో ఊడ్చిన మనిషి, నీళ్ళకీ కరెంటుకీ పడదని పిల్లలకు చెప్పే మనిషి. బుర్రకు తెలుసు, కాని ఆ పూట చెయ్యి బుర్ర మాట వినలేదు, నేలతల్లి మాటే విన్నది. తర్వాత ఒక్క నిమిషం గుండె ఝల్లుమంది. శాలువ అంచుతో ఒత్తింది, చుక్కలు ఏరింది, ఎండకు పెట్టింది. మన గాలికి గుడ్డలే గంటలో ఆరతాయి, ఇదెంత, అనుకుంది. కాని గుడ్డ దూరని చోటొకటి ఉంటుంది. దీపం కింద, బోర్డుకూ దానికీ నడుమ, వెంట్రుకవాసి సందు. అక్కడ ఆరలేదు. సాయంత్రం సెనోబియా వచ్చి కిటికీ దగ్గర కూర్చుని పూత వేసింది. బీరు సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. నవ్వుతుందేమోనని ఊరుకుంది. నవ్వుతుందేమోనని! ఒక్క నవ్వుకు భయపడి ఇంత దూరం వచ్చింది.

మర్నాడు ఆ తల మోసింది రొహెలియో. మినీబస్సు నడిపే మనిషి, నలభై దాటినవాడు. పెళ్ళాం మంచంలోంచి లేస్తే మూడేళ్ళు నీ ముందు ఆడతానని మన గుళ్ళోని గని మాతకు మొక్కుకున్నాడు, అది మూడో ఏడు, ఆఖరుది. ఊరంతా ఆడుకుంటూ వచ్చాడు, కళ్ళు నిప్పుల్లా వెలుగుతూనే ఉన్నాయి. గుడి ముందర ఎత్తు మొదలైన చోట ఎడమకన్ను కునుకుపాట్లు పడింది. ఆరింది. నాలుగడుగులకు కుడిది. జనంలోంచి ఒక ముసలిగొంతు, "మాతే ఆర్పేసింది" అంది. ఆ మాట గాలికన్నా ముందు నడిచింది. రొహెలియో తల తీసి చంకన పెట్టుకుని మోకాళ్ళ మీద గుళ్ళోకి పాకుతుంటే, వాడి వీపు ఎక్కిళ్ళకు ఎగిరెగిరి పడటం నికొలాసా చూసింది. బయటికి వచ్చాక దొన్ ఫెర్మిన్ ఆ తలను కుండలా బోర్లించి పట్టుకుని, పదిమందిలో అడిగాడు: "అతుకులు నీవి. పూత ఎవరిది?" అప్పుడు తను అన్నది మూడే మాటలు. వార్నిష్ సెనోబియా వేసింది. అబద్ధమా? ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధమైతే ఎంత బాగుండేది! ఒప్పుకోవడానికి ఒక వస్తువంటూ ఉండేది. ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో ఒకరోజు, గుళ్ళో పాపం చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి, "ఫాదర్, అందరిముందూ ఒక నిజం చెప్పాను" అని మొదలుపెట్టింది. "మంచిదే కదమ్మా, వెళ్ళిరా" అన్నాడాయన. లేచి వచ్చేసింది.

ఊరేగింపు మర్నాడు, ఆదివారం, ఆ కళ్ళు తన చేతికే వచ్చాయి, ఏమైందో చూడమని. భూతద్దం కింద పెట్టింది. పూత నున్నగా, గాజులా, ఎక్కడా చిల్లు లేకుండా ఉంది. అంత శ్రద్ధగా వేసింది సెనోబియా. ఆ గాజు కింద, ఎడమకంటి మూడో దీపం పక్కన, తేనెరంగు మరక. మరకలో ఇరుక్కుని ఒక కాగితపు చుక్క. గులాబి రంగుది. కందిగింజలో సగం లేదు. దాన్ని చూసిన క్షణంలో అంతా తెలిసిపోయింది, ఇక తెలియలేదనడానికి లేదు. సూదితో పూత చీల్చి చుక్కను పైకి లేపిందో లేదో, గుమ్మంలో దొన్ ఫెర్మిన్ దగ్గు వినబడింది. కింద పడేస్తే నేల మీద కనబడుతుంది. వేలికి అంటుకుంది, విదిలించినా పోదు. నాలుక మీద పెట్టుకుని మింగేసింది. "ఏం తేలింది?" అన్నాడు. "ఏమో, చెమట దిగిందేమో" అంది. చెమట దిగిందంటే పూత బాలేదనే కదా. అది కూడా తెలిసే అంది.

ఆ తర్వాత తను చేయాల్సిందేమీ లేకపోయింది, వీధే చూసుకుంది. దయ్యపు తలల మీద కూర్చునే కప్పలకు, బల్లులకు, పాములకు రంగులు వేసేది సెనోబియా. చీపురుపుల్లతో కప్ప వీపు మీద ఒక్కొక్క పొక్కూ పెట్టేది, ఆమె కప్పలు చూస్తే పిల్లలు వెనక్కి గెంతేవాళ్ళు. దొన్ ఫెర్మిన్ ఆ పని మాన్పించాడు. ఆయన్ని చూసి పక్క కొట్టు, ఆ కొట్టును చూసి ఎదురు కొట్టు. "ఆర్పే చెయ్యి" అన్నారు. మేలో ఎవరి బిడ్డకో జ్ఞానస్నానం. కొవ్వొత్తి వెలిగించడానికి సెనోబియా చెయ్యి చాపితే, బిడ్డ అమ్మమ్మ ఏమీ ఎరగనట్టు నవ్వుతూ అగ్గిపెట్టె ఈ పక్కకు జరిపి నికొలాసా చేతికిచ్చింది. నికొలాసా వెలిగించింది. వెలిగించింది! పుల్ల గీసి, ఒత్తికి ముట్టించి, మంట నిలబడేదాకా అరచెయ్యి అడ్డుపెట్టింది కూడా. సెనోబియా చాపిన చేతిని శాలువ సర్దుకోవడానికే చాపినట్టు సర్దుకుంది. గుడి మెట్ల మీద, "ఎండ చురుక్కుమంటోంది కదూ కొమాద్రే" అంది. ఒక్కరోజైనా తిట్టలేదే! సంతలో ఎదురైతే తిన్నావా అని అడిగింది, ఇల్దా పురిటికి మొదట వచ్చింది, అన్నిటికీ వచ్చింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టి, ఆ తిట్లలో ఎక్కడో అసలు మాట జారి పడేదేమో. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మనిషి.

రేకు మీది బోర్డుల నుంచి అప్పుడు లేచింది వాసన. పై పూతను పొద్దున్నే మందు పెట్టి తుడిచేసింది నికొలాసా, మూడుసార్లు తుడిచింది. కాని దీపాల కిందికి ఎవరు వెళ్ళి తుడుస్తారు? పాత టంకం కరిగి, దీపాలు కాళ్ళు వదులై కదలడం మొదలుపెట్టగానే, వాటి కింద ఏడాదిగా దాక్కున్నది బయటపడింది. ముందు తియ్యగా, బెల్లంపాకం అడుగంటినట్టు. తర్వాత చేదుగా, మాడిన గింజ కమురు. సారాకొట్టు పొయ్యి మీద బోర్లాపడ్డట్టు గదంతా నిండింది. పట్టకారుతో ఒక్కొక్క దీపాన్నీ ఎత్తి పక్కన పడేస్తోంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. గరిటె చప్పుడు ఆగింది.

"బీరు" అంది సెనోబియా.

"వీధిలోంచి అనుకుంటా, చల్లా కదా ఇవాళ…" అంది నికొలాసా. అని, ఇంత సిగ్గులేని నోరా నాది, దాక్కోవడానికి ఇంకో నిజం వెతుక్కుంటోందే, అనుకుంది.

"వీధిలో బీరు పారుతుంది గాని మాడదు కొమాద్రే." సెనోబియా గొంతు ఎప్పటిలాగే ఉంది. "ఎడమ కంట్లో గులాబి చుక్క ఒకటుండాలే. దాన్నేం చేశావ్?"

పట్టకారు రేకు మీద పడి టంగుమంది. బోర్డులను దించి చల్లటి పలక మీద పెట్టడం ఒక్కటే తెలిసింది నికొలాసాకు. చూసింది. ఈవిడ చూసింది. కిటికీ దగ్గర కూర్చుని పూత వేస్తూ చూసింది, ఎవరి చేతి చుక్కో, ఏ సీసాలో బీరో తెలిసే చూసింది. గుడి ముందర ఆ మూడు మాటలూ విన్నప్పుడు తెలుసు. అగ్గిపెట్టె పక్కకు జరిగినప్పుడు తెలుసు. ఇన్నాళ్ళూ తను దాచిందనుకున్నది ఈ మనిషి ఒళ్ళోనే ఉంది.

"చూశావా?"

"నా కళ్ళకింకా పొరలు కమ్మలేదులే. చల్లా చుక్కను గోకి పారేసే ధైర్యం నాకెక్కడిది? నేలతల్లికి పెట్టింది మళ్ళీ లాక్కున్నట్టవుతుంది. దాని మీంచే పూసేశాను. తడుందేమో అని కూడా అనుకున్నాను, అయినా పూసేశాను. నా తప్పు లేదని నేననను."

"మరి చెప్పలేదేం? ఏడాది… ఏడాది పొడుగునా ఎందుకు ఊరుకున్నావ్?"

"నువ్వు చెబుతావని."

బాజావాళ్ళు మళ్ళీ అదే చోట తప్పారు. ఎవరో పగలబడి నవ్వారు బయట. నికొలాసా తల ఎత్తలేదు. ఎత్తితే ఆ మొహం చూడాలి. కోపం ఉంటే భరించవచ్చు, లేకపోతే ఎలా?

"ఇంతకీ ఏం చేశావే దాన్ని? పారేశావా?"

"మింగేశాను."

 ముక్కాలి పీట కిర్రుమంది. చూస్తే సెనోబియా టోపీ వెనక్కి జారి, భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్ళల్లోంచి నీళ్ళు. "మింగేశావా! దేవుడా, మింగేసిందట! అందుకేనా ఏడాదిగా ఆ కడుపుబ్బరం మొహం! ఇంకా అరగలేదా కొమాద్రే?" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నికొలాసాకు ఆ రెండూ రాలేదు. "నన్ను క్షమిం…" అని మొదలుపెట్టేసరికి సెనోబియా గరిటె అడ్డం పెట్టింది.

"నాకెందుకు చెబుతావ్? నాకు తెలిసిందేగా. తెలియంది వీధికి. ముందు దీపాలు పెట్టు, పన్నెండున్నర దాటింది."

బోర్డులను స్పిరిటుతో కడిగింది, ఈసారి పాత పళ్ళబ్రష్షుతో, మూలమూలా. వాటి మీద సన్న చిల్లుల రేకు పరిచి, బూడిదరంగు టంకం ముద్దను పాత కార్డు ముక్కతో ఒక్క లాగు లాగింది. పట్టకారు తీసుకుంది. పచ్చగీత ఉన్న వైపు మైనస్ పక్కకు, లేని వైపు ప్లస్ పక్కకు. తిరగబడితే వెలగదు, ఎంత ప్రేమగా అతికినా వెలగదు. ఒకటి. రెండు. వీధికి. మూడు. వీధికి చెప్పడమంటే ఏమిటి? దొన్ ఫెర్మిన్‌కి చెప్పాలి, రొహెలియోకి చెప్పాలి. ఐదు. ఒక ఏడాదంతా దేవత తనను కాదన్నదని నమ్మి, నాలుగో ఏడు ఆడటానికి ఒప్పుకున్నవాడికి, అది దేవత కాదు, నా గ్లాసులో మిగిలిన బీరు అని చెప్పాలి. ఏడు. ఎనిమిది. ఈ వంటగదికి ఇక పని రాదేమో. ఎవరొస్తారు? దయ్యానికి కల్లు పట్టించిన మనిషి అంటారు, పిల్లలు పాట కడతారు. రెండో బోర్డు. ఒకటి. సెనోబియాకి ఏడాదిగా అదే కదా అయింది, పాట లేకుండా. దానికేమో ఏ తప్పూ… తప్పుంది అని సెనోబియా తనే అంది. తనే అంది! తన నోటితో. ఆరు. ఎనిమిది. రెండూ రేకు మీద పెట్టింది. పొగ సన్నగా లేచింది, ఈసారి చెట్టు జిగురు వాసన, శుభ్రంగా. ముద్ద మసకబారింది. అలాగే ఉంది. ఇంకా అలాగే ఉంది. ఈ కాస్తసేపు ఎప్పుడూ ఇంతే, ఇక కరగదేమో అనిపిస్తుంది. సెనోబియా లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి పక్కన నిలబడింది. మెరిసింది. ఒక అంచు నుంచి మొదలై అవతలి అంచుకు పాకింది మెరుపు, పదహారు దీపాలూ సర్దుకుని కూర్చున్నాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. చేతులు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

బోర్డులు చల్లారాక, బిళ్ళ బ్యాటరీ తగిలిస్తే రెండూ ఎర్రగా వెలిగాక, నికొలాసా పావడా మడతలోకి చెయ్యి పెట్టింది. కొత్త సీసా తీసి పాత సీసా పక్కన పెట్టింది. ఇది కూడా దాచి ఉంచితే ఇక పై తోలే తప్ప లోపల మనిషంటూ మిగలదనిపించింది.

సెనోబియా దాన్ని చాలాసేపు చూసింది. "ఎప్పుడు కొన్నావ్?"

"నిన్న."

"సీసా బాగుంది" అంది. నవ్వలేదు ఈసారి. తన సీసా మూత తిప్పి, బోర్డు కిటికీ వెలుగులోకి పట్టుకుని, మొదటి గీత గీసింది.

దొన్ ఫెర్మిన్ తలుపు కొట్టకుండానే వచ్చాడు. వెనకాల రొహెలియో, కళ్ళులేని దయ్యపు తలను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని. ముసలాయన చూపు తిన్నగా సెనోబియా చేతిలో తడి కుంచె మీద పడింది. మొహం ముడుచుకుంది.

"నేనేం చెప్పాను నీకు దోన్యా నికొలాసా? పూత ఎవరేస్తున్నారు?"

అదే ప్రశ్న. ఏడాది తర్వాత అదే ప్రశ్న, అదే మనిషి. నికొలాసా లేచి నిలబడింది.  "వార్నిష్ సెనోబియా వేస్తోంది" అంది. అని ఆగితే మళ్ళీ అంతే, నిజం చెప్పి ఊరుకున్నట్టే. ఆగలేదు. "పోయినేడు కూడా తనే వేసింది, ఇంతే బాగా వేసింది. అంతకుముందే ఆ కళ్ళ మీద నేను బీరు పోశాను. చల్లా చేస్తూ పోశాను. ఎవరికీ చెప్పలేదు. విప్పి చూసినప్పుడు తెలిసింది, అప్పుడూ చెప్పలేదు."

 రొహెలియో చేతుల్లోని దయ్యపు తలను కిందికి దించాడు. "అంటే… మాత కాదా?"

"మాత కాదు నాయనా. బీరు."

"మరి నా మొక్కు చెల్లినట్టేనా?"

"అది నాకు తెలీదు నాయనా."  ఆ ఒక్క ప్రశ్నకు జవాబుంటే తన ఇల్లు రాసిచ్చేసేది. వాడు పీట మీద కూలబడి దయ్యపు కోరలను వేలితో తడుముతూ, "ఏడాదంతా నేనేం పాపం చేశానా అని వెతుక్కున్నాను దోన్యా" అన్నాడు. కోపంగా కాదు. వాడికి సెనోబియా జావ పోసిచ్చింది. తాగాడు. "ఒప్పుకున్నాను కదా, రేపు ఆడతాను" అన్నాడు గ్లాసు దించి.

"ఈ ముక్క చెప్పడానికి ఏడాది పట్టిందా నీకు?" అన్నాడు దొన్ ఫెర్మిన్.

"మా కొమాద్రే టంకం నెమ్మదిగా కరుగుతుంది లెండి" అంది సెనోబియా, కుంచె మీంచి చూపు తిప్పకుండా. "కదలకండి, వెలుగుకు అడ్డొస్తున్నారు."

ఆ మధ్యాహ్నమే నికొలాసా శాలువ కప్పుకుని ఆ వీధిలో కొట్టు కొట్టుకూ వెళ్ళింది. అందరూ చల్లాలో ఉన్నారు, ప్రతి గుమ్మంలోనూ ఒక గ్లాసు చేతిలో పెట్టారు. ప్రతి గుమ్మంలోనూ గ్లాసు నేలతల్లికి వంచి, అదే మాట చెప్పింది. కొందరు నోరు వెళ్ళబెట్టారు. కొందరు వీపు మీద చరిచి నవ్వారు. సగం మందికి బాజాల హోరులో వినబడనే లేదు, "ఆఁ ఆఁ, నీక్కూడా మంచి జరగాలి దోన్యా!" అని నెత్తిన రంగు చుక్కలు చల్లి పంపేశారు.

మర్నాడు ఆ కళ్ళు వెలిగాయా అని అడగబోతున్నావు, నాకు తెలుసు. వెలిగాయి తల్లీ, గుళ్ళో మాత ముందు తల తీసేదాకా వెలిగాయి. కాని నేను నిన్ను పిలిచింది అందుకు కాదు. కప్పల పని మళ్ళీ సెనోబియాకే వచ్చినా, ఆమె వెళ్ళిపోయి ఇన్నేళ్ళైనా, ఇప్పటికీ ఎక్కడో పెళ్ళిలోనో పేరంటంలోనో, ఎవరో ఒకరు అంటూనే ఉంటారు: ఆర్పే చెయ్యి ఒకటుండేది, సెనోబియా అని. ఆ రోజు వినబడనివాళ్ళ పిల్లలై ఉంటారు. అది నీ చెవిన పడ్డ చోట, చేతిలో ఏమున్నా కింద పెట్టి ఈ కథ చెప్పు. సగంలో ఆపకు. చుక్క గులాబి రంగుదని చెప్పు, ఎడమకంటి మూడో దీపం పక్కన ఉందని చెప్పు. దాన్ని మింగిన మనిషి పేరు కూడా చెప్పు. మొహమాటపడకు తల్లీ, నేనేమీ అనుకోను.